గిరాకి కుడి చెయ్యి

ఆ వానాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. వరంగల్ మండి బజారులో బెల్లం, ఉప్పు, చింతపండు అమ్మే దుకాణం. అవసరానికి మించి ఊగని తరాజు, అవసరానికి మించి మాట్లాడే అమ్మ. అన్నిటికంటే మిన్నగా, పెళ్ళయిన చాలా ఏండ్లకు నా భార్య వరలక్ష్మి ఒడిలోకి వచ్చిన ఆడపిల్ల. యుద్ధం వల్ల చక్కెర దొరక్క ఊరంతా బెల్లం మీద పడింది. కాబట్టి గిరాకీకి లోటు లేదు. ఇన్ని జమలు ఒకేసారి ఉన్న మనిషి ఖర్చు ఏ దిక్కు నుంచి వస్తుందో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

మా నాన్న పోయాక నేను ఎదిగేదాకా దుకాణం నడిపింది అమ్మే. నాకు ఎక్కాల కంటే ముందు ఆమె నేర్పింది ఒక్కటే: బోణీ సరుకు గిరాకి కుడి చేతిలో పడాలి. పొద్దున్నే వచ్చినవాడు ఎడమ చెయ్యి చాపితే, వాడు జమీందారైనా సరే, "కుడి చెయ్యి వట్టు నాయినా" అని మార్పించేది. కుడితో మొదలైన రోజు నిండుగా గడుస్తుందని ఆమె నమ్మకం. దుకాణం పచ్చగానే ఉంది కాబట్టి నేనూ కాదనలేదు.

వరలక్ష్మికి తల్లి లేదు. అందుకని కాన్పు మా ఇంట్లోనే జరిగింది. పిల్లను మొదటిసారి రొమ్ముకు పట్టేటప్పుడు అమ్మ పక్కనే ఉండి, "కుడి దిక్కు వట్టు బిడ్డా. అది బోణీ" అన్నదట. ఆ ఒక్కసారికే అనుకున్నది వరలక్ష్మి. కాదు. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ అమ్మ లెక్కలో కొత్త బోణీయే. ముందు కుడి, ఆ తర్వాత మిగిలిన ఆకలి ఉంటే ఎడమ. మా పిల్ల కడుపు గుప్పెడంత. కుడి దిక్కు సగం తాగేసరికే కళ్ళు మూతలు పడేవి. మా వ్యాపారుల మాటల్లో పాలంటే వాటా కూడా. ఎడమ దిక్కు పాలు ఎవరూ వచ్చి తీసుకోని వాటా అయి కూర్చున్నాయి.

ఒకరోజు అన్నం పెడుతూ వరలక్ష్మి కొంగు ఎడమ భుజం మీదికి రానీయకుండా పట్టుకుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఎడమ దిక్కు గడ్డోలె తాకుతాంది."

"ఎంతున్నది?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. దుకాణదారుడి భార్య కదా. "చింతగింజంత" అంది.

మర్నాడు కుంకుడుకాయంత అయింది. ఆ మర్నాడు ఉసిరికాయంత. ఆ పక్కన ఇంకో చిన్నది కూడా తేలింది. మీద చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతోంది. "గిట్లనే వోతే మీ దుకాణంల ఉన్న సరుకు పేర్లన్నీ ఒడుస్తయి. ఆఖరుకు బెల్లం ముద్దకొస్తది" అని నవ్వబోయి, నొప్పికి పెదవి కొరుక్కుంది.

అమ్మ మెంతులు నూరి పట్టు వేసింది. పక్కింటి పూలమ్మ వచ్చి చూసి, "గడ్డ పాలు పిల్లకు వట్టకుండ్రి. కడుపు చెడుతది" అంది. పూలమ్మ కోడలికి ఇలాగే గడ్డయి చీము పట్టింది. కోసి తీశారు. ఆ తర్వాత పాలు ఎండిపోయి పిల్లవాణ్ని మేకపాలతో పెంచుతున్నారు. పూలమ్మ మాట విన్నప్పటి నుంచి వరలక్ష్మి ఎడమ దిక్కు అసలే ఇవ్వలేదు. సాయంత్రానికి జ్వరం వచ్చింది.

టాంగా కట్టించుకొని హనుమకొండకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చూసి, "పాలు లోపల ఆగిపోయి గడ్డ కట్టినై. ఇంకా చీము పట్టలేదు. ఆ దిక్కు పాలు పిల్లతోనే తీయించాలె. పిల్లకు ఏం గాదు" అంది. తాగించే ముందు వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పెట్టాలి. గడ్డ అంచు నుంచి చనుమొన వైపుకు మెల్లగా నిమరాలి, గట్టిగా పిసకకూడదు. అట్లా చెప్పి, "రెండు రోజులు చూద్దాం. తగ్గకుంటే, చీము పడితే, కొయ్యాల్సిందే" అంది.

తిరుగు దారిలో వరలక్ష్మి గుర్రం చెవుల వైపు చూస్తూ కూర్చుంది. మా వీధి మలుపు దగ్గర మాత్రం, "నా పాలు ఎండిపోవద్దు" అంది, అంతే. నేను గుర్రాన్ని మెల్లగా తోలమన్నాను, కుదుపుకు ఆమెకు నొప్పెడుతుందని.

అమ్మ డాక్టరమ్మ మాట కాదనలేదు. "ఇయ్యమన్నదా, ఇద్దాం. కుడి దిక్కు బోణీ చేసి, అటెన్క ఎడమ" అంది. గుడ్డ వేడి చేసి, కుడి దిక్కు బోణీ చేయించి, పిల్లను ఎడమకు తిప్పేసరికి అది నిద్రలో ఉంది. అరికాళ్ళు గీరారు. చెవి నలిపారు. చెంప మీద నీళ్ళు చిలకరించారు. దుకాణం కట్టేసిన షావుకారులా అది కన్ను తెరవలేదు. వరలక్ష్మి జ్వరం ఇంకొంచెం ఎక్కింది.

అమ్మకూ భయం వేసింది. గోడ వైపు తిరిగి సమ్మక్కకు మొక్కుకుంది: కోడలి గడ్డ కరిగితే మాఘంలో జాతరకు పిల్ల ఎత్తు బంగారం పంపిస్తానని. మా దిక్కు సమ్మక్కకు సమర్పించే బెల్లాన్నే బంగారం అంటారు. మొక్కు అమ్మది, బెల్లం నాది.

మర్నాడు పొద్దున ముసురులోనే దుకాణం తెరిచాను. నేను కూర్చునే చోటుకు చెరో పక్కన ఒక ఉప్పు బస్తా ఉంటుంది. కుడి చేతికి అందేది కుడి బస్తా కాబట్టి దాంట్లోంచే తీసి అమ్ముతూ వచ్చాను. మడికొండ నుంచి మొగిలయ్య ఉప్పు కోసం వచ్చాడు. పాత గిరాకి, నోటి దురుసు మనిషి. కుడి బస్తా అడుగుకు వచ్చి దుమ్ముగా ఉంది. అది చూసి ఎడమ బస్తా మీద చెయ్యి వేశాడు.

"గీ బస్తల నుంచి ఇయ్యి షావుకారీ."

"దాన్ని ఇంక ముట్టుకోలేదు మొగిలయ్యా. ఇది కుడిది, ఇది అయినంక అది."

"నీకు కుడి. నాకు గిదే కుడి. బోణీకి గిరాకి కుడి అంటది గద మీ అమ్మ. నేను గిరాకీనే కదా, గోడనా?"

నవ్వి ఎడమ బస్తాలో డొప్ప దించాను. ఠక్కుమంది. ముట్టుకోని బస్తా, వానగాలికి చెమ్మగిల్లి, లోపల రాయిలా గట్టిపడి ఉంది. అమ్ముడుపోయే బస్తా పొడిపొడిగా ఉంది, వంతు రాని బస్తా గడ్డ కట్టింది. డొప్ప అక్కడే వదిలేశాను. మొగిలయ్యను కూర్చోబెట్టి, పిడికిలంత ఉప్పుగడ్డ ఒకటి విరిచి పట్టుకొని ఇంటికి పోయాను.

అమ్మ ముందు గడ్డ పెట్టి చెప్పాను. "ఎడమ బస్త ముట్టక ఎట్లయిందో చూడు. ఇప్పటి నుంచి పిల్లకు ముందు ఎడమనే ఇద్దాం."

"ఉప్పు ఉప్పే, పాలు పాలే" అంది అమ్మ. "పాలంటే లచ్చిమి. లచ్చిమిని ఎడమ చేత బోణీ చేస్తరా ఎవరన్న? మీ నాయిన ఉంటే నిన్ను ఈ గడ్డతోనే కొట్టేటోడు."

నేను మొగిలయ్య ఏమన్నాడో చెప్పాను. లోపల గదిలో మంచం మీద ఉన్న వరలక్ష్మి అది విని నవ్వింది. ఆ జ్వరంలో నవ్వు వినిపించేసరికి అమ్మా నేనూ ఇద్దరం గుమ్మం దగ్గరికి పోయాం.

"అత్తమ్మా, ఓ మాట అడుగుత" అంది. "బోణీ ఎవరి కుడి చేతిల పడాలె?"

"గిరాకి."

"ఈడ గిరాకి ఎవరు?"

అమ్మ ఉయ్యాల వైపు చూసింది. అనుమానంగా, "పిల్లనే" అంది.

"జర దాన్ని తెచ్చి నాకు ఎదురుంగ వట్టుండ్రి."

అమ్మ పిల్లను ఎత్తి, వరలక్ష్మికి ముఖం కనిపించేట్టు పట్టుకుంది. ఆకలికి పిల్ల గుప్పిళ్ళు ఆడిస్తోంది. వరలక్ష్మి దాని కుడి గుప్పిట పట్టుకొని నేరుగా తన వైపుకు చాపింది. అది ఎడమ రొమ్ముకు ఎదురుగా వచ్చి ఆగింది.

అమ్మ ఆ చిన్న చేతిని చూసింది. తన చేతిని చూసుకుంది. పిల్లను ఒకసారి అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి చూసింది. ఎంతసేపు చూసినా పిల్ల కుడి వచ్చి తల్లి ఎడమ దిక్కే ఆగుతోంది.

"ఇన్నొద్దులు బోణీ తప్పు దిక్కు చేసినం" అంది చివరకు. తర్వాత నా వైపు తిరిగి, "దుకాణంల కూసునేటోనివి, నీకన్న తెల్వద్దా?" అని కసిరింది. ఆ తప్పు నా ఖాతాలో రాయడం ఆమెకు కొంత ఊరట. నేను రాయించుకున్నాను.

వేడిగుడ్డ తయారైంది. నన్ను బయటికి పంపారు. తలుపు వెనక నిలబడ్డాను. ముందు పిల్ల ఏడుపు, తర్వాత వరలక్ష్మి పంటి బిగువున తీసిన ఊపిరి, అమ్మ గొంతు: "జర ఓర్చుకో నా బంగారూ, అంచుల నుంచి నిమురుతున్న." ఆ తర్వాత గుటక. ఆకలిగొన్న పిల్ల గుటక ఇంత పెద్దగా వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మధ్యలో పాలు ఎక్కువై పిల్లకు పొలమారింది. పాల ధార అమ్మ ముఖం మీద పడినట్టుంది. "దీనిల్లు బంగారం గాను, నన్ను తడిపిందే" అని అమ్మ నవ్వింది.

మొగిలయ్య దుకాణంలో ఎదురుచూస్తున్నాడని గుర్తొచ్చి పోయాను. కర్ర సుత్తితో ఎడమ బస్తా గడ్డలు కొట్టి ఉప్పు తూచాను. ఆలస్యానికి ఒక డొప్పెడు ఎక్కువ పోశాను. "ఇదేంది, నీకు జ్వరమొచ్చిందా?" అని అడిగి పోయాడు.

ఆ రోజంతా ఎప్పుడు ఇంట్లోకి తొంగిచూసినా అమ్మ లోపలి నుంచి ధర పలికినట్టు పలికేది. మధ్యాహ్నం, "ఉసిరికాయ పోయింది, కుంకుడుకాయకు దిగింది." దీపాలు పెట్టే వేళ, "చిన్నది లెక్కల్నే లేదు." మర్నాడు జ్వరం జారింది. ఆ సాయంత్రం వరలక్ష్మే గుమ్మంలోకి వచ్చి, కొంగు సరిగ్గా ఎడమ భుజం మీద వేసుకొని, "చింతగింజ" అంది. మళ్ళీ డాక్టరమ్మకు చూపిస్తే వేలితో నొక్కి చూసి, కత్తి అవసరం లేదు, పొమ్మంది. అప్పటి నుంచి ఏ దిక్కు బరువుగా ఉంటే ఆ దిక్కు బోణీ. పూలమ్మ చూడవచ్చి, వరలక్ష్మి పాలిచ్చే తీరు చూసి, తన చిన్నకోడలికి కాన్పయితే ఇట్లనే ఇప్పిస్తానంది.

ఇక మొక్కు. పిల్ల తేలిగ్గా ఉన్నప్పుడే తూచి పక్కన పెడితే మేలని నా లెక్క. వెంటనే తరాజు పళ్ళెంలో మెత్తటి చీర మడిచి వేసి పిల్లను పడుకోబెట్టాం. "కుడి పళ్ళెంల" అంది అమ్మ. "ఎవరి కుడి?" అంది వరలక్ష్మి. అమ్మ కోడలి నెత్తి మీద చిన్నగా ఒకటి వేసింది. ఎత్తుకు ఎత్తు బెల్లం తూచి, గోనెలో మూట కట్టి, అటక మీద పెట్టాను.

మాఘంలో మేడారానికి బండి కదిలే రోజు మూట దించుతుంటే అమ్మ అడ్డుపడింది. "బండి కదిలే నాటి తూకమే తూకం. అమ్మవారికి పాత ధర కడుతావురా?" చేసేదేమీ లేక తరాజు మళ్ళీ తెచ్చాను. పిల్లను పళ్ళెంలో కూర్చోబెట్టాం. ఇప్పుడు అది పడుకోనంటోంది. గొలుసులు పట్టుకొని ఊగుతోంది. అటక మీది మూట మొత్తం అవతలి పళ్ళెంలో పెట్టినా, మా పిల్ల పళ్ళెం నేల మీది నుంచి లేవలేదు. ముద్ద మీద ముద్ద వేస్తూ పోయాను. తరాజు ముల్లు నిలిచేసరికి మూట రెండింతలకు వచ్చింది.

తల్లి రెండు దిక్కులా ఇచ్చిన పాల తూకం అది. నా దుకాణంలో ఉన్న మంచి బెల్లమంతా బండెక్కిపోయింది. మొదటి మూటను ఖర్చు కింద రాశాను కానీ, దాని మీద అదనంగా వేసిన ప్రతి ముద్దనూ లాభం కింద రాసుకున్నాను.