సాంచాలు ఆగిన గల్లీ

షార్ట్ ఫిలిం తీస్తానంటూ మేనకోడలు కోమల్ కెమెరా పట్టుకుని దాజీ పేట్‌లోని ఇంటికొచ్చినప్పటి నుంచీ సిద్ధరాములు ఆమెను ఏడిపిస్తూనే ఉన్నాడు. ముందు అలారం మోగాలి, హీరో అద్దంలో మొహం చూసుకోవాలి, వాన పడాలి, చివరికి ముసలోడు చావాలి, ఇంతేగా మీ ఫిలింలు అంటాడు.

"ముసలోడు సావకుంటె మీ కాలేజోళ్లు ప్రైజ్ ఇయ్యరా ఏంది?"

"ఇయ్యరు మామా. గా ముసలోడివి నువ్వే," అంది కోమల్.

వేషం దొరికిందని అతను పొంగిపోయాడు. తన ఫోటోకు తనే బంతిపూల దండ వేసుకున్నాడు. ఆఖరి షాట్‌లో చప్పుడు ఉండొద్దంటే ఇల్లిల్లూ తిరిగి గల్లీలోని మరమగ్గాల సాంచాలన్నీ ఆపించాడు. నేత ఆపిన జనం షూటింగ్ చూద్దామని అతని గుమ్మం ముందు చేరి, నోరు మూసుకుని నిలబడ్డారు.

కోమల్ కెమెరాను మెల్లగా ఫోటో వైపు జరుపుతోంది. సిద్ధరాములు కిటికీలోంచి బయటికి చూశాడు. బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయి, సాయంత్రానికి గాని రాదనుకున్న భార్య పుష్ప గల్లీ మొగదల నిలబడి ఉంది. చాయ్ హోటల్లో తిరుగుతున్న పంకాను చూస్తోంది. కరెంటు ఉంది. కరెంటు ఉండగా సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయంటే ఈ గల్లీలో ఎవరో పోయినట్టే. శవం లేచేదాకా ఎవరూ మోటారు వెయ్యరు.

అది తెలియనివాడు కాదు. నవ్వులాటలో మరిచాడు. పుష్ప గుండెకు మొన్ననే స్టెంటు వేశారు. ఏ చెడ్డ కబురూ చెవిన పడనీయొద్దన్నాడు డాక్టరు.

పుష్ప తన గుమ్మం ముందున్న జనాన్ని చూసింది. బుట్ట కింద పెట్టి గోడ పట్టుకుంది.

కేక వేద్దామనుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఈ ఇంట్లోంచి ఏ కేక లేచినా ఏడుపులాగే వినపడుతుంది. కోమల్‌ను తోసుకుని పోయి తన సాంచా స్టార్టర్ నొక్కాడు.

"మామా, షాట్ పాయె..."

మోటారు గుర్రుమంది. మగ్గంలో నూలు నాడె అటూ ఇటూ దూకింది. అది విని పక్కింటి మంగేశ్ తనదీ వేశాడు. గల్లీ మళ్లీ దడదడలాడింది.

పుష్ప గోడ పట్టుకునే ఇంటిదాకా వచ్చింది. మొగుణ్ని చూసింది. దండ వేసిన ఫోటోను చూసింది. అతను ఏదో జోకు వేయబోయి, ఆమె ఇంకా గోడ వదలకపోవడం చూసి మింగేశాడు. కోమల్ నీళ్లిచ్చి, ఇంకొక్కసారి ఆపితే చాలత్తా, రేపే ఫిలిం పంపాలని గొణిగింది. సిద్ధరాములు చెయ్యి స్టార్టర్ వైపు పోయింది.

పుష్ప ఆ చెయ్యి పట్టుకుంది.

"నడువనియ్," అంది. "నీ ఫిలింల మీ మామ బతికే ఉండాలె బిడ్డా. ప్రైజ్ రాకుంటె రాకపాయె."

కోమల్ కెమెరా ఆపింది. తర్వాత స్టూలెక్కి, ఫోటో మీది దండ తీసేసింది.