అచ్చుకూ రబ్బరుకూ నడుమ

నేను ఒక డబ్బాడు సిలికాన్ ద్రవాన్ని. చూడ్డానికి చిక్కటి పాలలా ఉంటాను. పొరపాటున కాఫీలో పోసుకునేరు. ఈ భూప్రపంచంలో దేనికీ అంటుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. సన్యాసులు కూడా నాకు సాటిరారు. వాళ్లకు కనీసం గోచీ మీద మమకారం ఉంటుంది. నాకు అదీ లేదు.

మా వంశం ఇసుక. నవ్వకండి, నిజమే. ఇసుకను కొలిమిలో కరిగించి, ఏవేవో మందులు పట్టించి, నూనెగా మార్చి, నీళ్లలో చిలికితే నేను పుట్టాను. నేను పుట్టిన రోజున ఆ ఫ్యాక్టరీ నేల ఎంత జారుడుగా ఉందంటే, నన్ను చూడ్డానికొచ్చిన మేనేజరు గుమ్మంలో కాలు పెట్టి, ఆగకుండా వెనక గేటు దాకా జారిపోయాడు. కాపలావాడు ఆయన ఇంటికి వెళుతున్నాడనుకుని సలాం కొట్టి గేటు తీశాడు.

అక్కణ్ణుంచి లారీ ఎక్కి బెజవాడ ఆటోనగర్లో భుజంగరావు గారి రేకుల షెడ్డుకు చేరాను. ఆయన లారీలకు కుదుపు తగ్గించే రబ్బరు బుష్షులు అచ్చుపోసి అమ్మేవాడు. పనివాళ్లు ఇద్దరే. రబ్బరును అచ్చులో పెట్టి నొక్కే ప్రెస్సు నడిపేది మీరావలి. అచ్చులోంచి వచ్చిన ముక్కలకు అంచుల్లో మిగిలే పలచటి రబ్బరును కత్తెరతో తీసేది తిరపతమ్మ. చిన్నప్పుడే ఆమెకు ఒక కాలు చచ్చుబడింది. నిలబడి చేసే పని చేతకాదు. పొలంలో వద్దన్నారు, మిరప గోదాములో వద్దన్నారు. పీట మీద కూర్చుని చేసే ఈ పని దొరికాక ఆమె నోరు కూడా కత్తెరలాగే ఆడేది.

నా పని దోసె పెనం మీద నూనె చేసే పనే. నన్ను నీళ్లలో కలిపి, కాలుతున్న ఇనప అచ్చులో చిమ్ముతారు. నీళ్లు సుయ్యిమని ఎగిరిపోతాయి, నేను మిగులుతాను. ఆపైన రబ్బరు ముద్ద పెట్టి నొక్కితే, ఉడికాక అచ్చును వదిలి బుద్ధిగా బయటికొస్తుంది. నేను లేకపోతే ఉలి పెట్టి పెకలించాల్సిందే.

“ఏంటి వలీ, ఆ చిమ్ముడు? అచ్చుకి తలంటు పోస్తన్నావా?” అనేది తిరపతమ్మ.

“ముక్క చిరక్కుండా రావద్దా అక్కా?”

“రానీ. నేల మీద మాత్రం పడనీకు. నాకు పనిచేసేది ఒకటే కాలు. అది కూడా జారిందంటే నువ్వే మోసుకుపోవాలి.”

లారీలవాళ్లు పెద్ద కంపెనీల సరుకుకు మళ్లడంతో షెడ్డు చిక్కిపోయింది. అప్పుడు ఒక బస్సుల కంపెనీ, ఇంజను కింద వేసే దిమ్మెలు కావాలంది, ముందు నమూనాలు చూపించమంది. రెండు ఇనప పలకలు, మధ్యన రబ్బరు. ఈ నమూనాలు నెగ్గితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే ప్రెస్సు అమ్మేయడమేనని భుజంగరావు గారు ఇద్దరికీ దాచకుండా చెప్పేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. రబ్బరు అచ్చును వదలాలి, పలకను మాత్రం వదలకూడదు. అందుకని పలకలకు జిగురు పూస్తారు, నన్ను వాటి దరిదాపులకు రానివ్వరు. నన్ను చిమ్మేటప్పుడు వలీ ఆ పలకల మీద గోనెపట్టా కప్పేవాడు.

దసరా వచ్చింది. ప్రెస్సుకు దండ వేశారు, కత్తెరకు పువ్వు పెట్టారు. గుమ్మడికాయ వలీయే తెచ్చాడు. భుజంగరావు గారికి ఆశ ఎక్కువై, పలక పలకకూ పసుపు రాసి కుంకుమ పెట్టారు.

మర్నాడు జిగురు కలుపుతూ వలీ అన్నాడు: “అక్కా, ఆ బొట్లు తుడిచెయ్యి. పసుపుంటే జిగురు పట్టదు.”

“అమ్మవారి బొట్టు తుడవమంటావేంటి?”

“అమ్మవారికి నేను చెప్పుకుంటాలే.”

ఆమె శుభ్రమైన గుడ్డ కోసం చూసింది. షెడ్డులో గుడ్డలన్నీ మసి. ప్రెస్సు పక్కన వేలాడేది ఒక్కటే తెల్లగా ఉంది. అచ్చులు తుడిచే గుడ్డ అది. మరక ఎందుకుంటుంది, దాన్నిండా నేనేగా! ఒక్కో పలకనూ నోటితో ఆవిరి ఊది, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. పలకలు తళతళలాడాయి.

ఇక్కడ నా గొప్ప కాస్త సవరించుకోవాలి. దేనికీ అంటుకోనన్నానే, అది వట్టి కోత. నా అంత అంటుకునేవాడు లేడు. జిగురుకు ముందు వలీ పలకల్ని పెట్రోలుతో కడిగాడు. నేను కాస్త పక్కకు జరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను, పొమ్మంటే మంచం అడిగే చుట్టంలాగా.

కంపెనీ ఇంజనీరు దిమ్మెను బిగించి, పట్టకారుతో రబ్బరు అంచు పట్టి లాగాడు. అరటితొక్కలా వచ్చేసింది. ఆయన మంచివాడు, ఇంకొక్కసారి చూద్దామన్నాడు.

భుజంగరావు గారు జిగురు కల్తీదని దుకాణంవాడితో పోట్లాడి కొత్తది తెచ్చారు. వాస్తు చూసినాయన పడమటి తలుపు మూసి ఉత్తరాన తెరిపించాడు. తలుపు కదిలింది. పలకల మీద నేను కదల్లేదు. అవే పలకలను గీకి, కడిగి, మళ్లీ పోశారు. మళ్లీ ఊడాయి. ఇంజనీరు ఈసారి కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

“బొట్లు తుడిచాను కదా వలీ,” అంది తిరపతమ్మ. “అందుకే అయ్యుంటది. ఈ చేత్తోనే తుడిచాను.”

“ఊరుకో అక్కా. బొట్టుకీ రబ్బరుకీ ఏం సంబంధం? నువ్వు చేసిన తప్పేం లేదు.”

ఆమెకు దేవత తెలుసు, గుడ్డ తెలియదు. అతనికి జిగురు తెలుసు, ఆమె ఏ గుడ్డ పట్టిందో అడగాలని తోచలేదు. ఇద్దరికీ మధ్య నేను చల్లగా కూర్చున్నాను. నువ్వు చెప్పొచ్చుగా అంటారు. మీకు చెప్పినట్టే అప్పుడూ చెప్పాను. మనుషులు నిండు డబ్బా మాట వినరు, ఖాళీ డబ్బా మోతే వింటారు.

ప్రెస్సును పాతినుము కింద తూకానికి తీసుకుపోయారు. ఆఖరి రోజు తిరపతమ్మ కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నీ దగ్గరే ఉంచుకోమ్మా,” అన్నారు భుజంగరావు గారు.

“ఏం కత్తిరించుకోనండీ?” అంది, నవ్వుతూనే.

ఆమె గడప దాటడానికి చాలాసేపు పట్టింది. కొత్త తలుపు గడప ఎత్తుగా కట్టారు.

నన్ను పాత సామాన్లవాడు పట్టుకొచ్చాడు. అడుగున గుక్కెడు మిగిలి, ఎండకు తొరక కడుతున్నాను. తిరపతమ్మకు మాత్రం వన్‌టౌన్‌లో గాజుల దుకాణంలో పని దొరికింది. మెత్త మీద కూర్చుని గాజులు తొడుగుతోంది. వచ్చిన ఆడవాళ్లందర్నీ నవ్విస్తోంది.

ఈ గాజుల దుకాణం నేను కల్పించింది. మిగతాదంతా జరిగిందే.