కూతురి మీద ఒట్టు

పోలీసు స్పెషల్ స్క్వాడ్‌లో డాలు పట్టినవాడే అందరికంటే ముందు నడవాలి. హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఊళ్లో, టెల్కో కాలనీకి వలసొచ్చిన తెలుగువాళ్లింట పుట్టి పెరిగిన సత్యప్రసాద్‌ది ఆ పనే. అగ్రికో కాలనీ వెనక బస్తీలో ఆ మధ్యాహ్నం మాత్రం అతన్ని కమాండర్ ముందుకు తోసింది డాలు కోసం కాదు, తెలుగు కోసం.

తలుపులు మూసిన ఇంట్లో ఉన్నది రాజాం వైపు నుంచి వలసొచ్చిన కూర్మారావు. కొడుకు పింటూ చెయ్యి మెషీన్‌లో నలిగిపోతే, వాడసలు తమ పనివాడే కాదని కాంట్రాక్టర్ నిక్షేపంగా అనేశాడు. నష్టపరిహారం కోసం కాళ్లరిగేలా తిరిగి తిరిగి విసిగిపోయిన కూర్మారావు, కాంట్రాక్టర్ మేనేజర్ని ఇంట్లోకి లాగి గడియ పెట్టాడు. గ్యాస్ సిలిండర్ పక్కన అగ్గిపెట్టె పట్టుకుని కూర్చున్నాడు. హిందీలో ఏం చెప్పినా బూతులే జవాబు.

సత్యప్రసాద్ డాలు గోడకు ఆనించి, తలుపు దగ్గర చతికిలబడ్డాడు.

“మావా, మాదీ రాజాం కాడే. తలుపు తియ్యి.”

“మనోడివేటి?” లోపలి గొంతు తలుపు దగ్గరకొచ్చింది. “తీత్తే నన్ను సంపేత్తారు బాబూ. పింటూ గాడికి దిక్కెవులు?”

సత్యప్రసాద్ కమాండర్ వైపు చూశాడు. ఎవరూ చెయ్యి చేసుకోరని చెప్పమన్నట్టు ఆయన తలూపాడు.

“నీ ఒంటి మీద సెయ్యి పడనీను మావా. నా కూతురు మీద ఒట్టు.”

అన్నాకే ఎంత పెద్ద మాటన్నాడో అతనికి తెలిసొచ్చింది. కన్నబిడ్డ మీద ఒట్టంటే వాళ్లలో ఆషామాషీ కాదు, తప్పితే ఆ బిడ్డకే తగులుతుందని నమ్మకం. ఆ సంగతి కూర్మారావుకూ తెలుసు. అందుకే గడియ తీసి, అగ్గిపెట్టె సత్యప్రసాద్ చేతిలో పెట్టాడు. మేనేజర్ క్షేమంగా బయటపడ్డాడు.

అక్కడితో అయిపోవాలి కదా! ఇంతసేపు ఎండలో నిలబెట్టాడన్న కసి కమాండర్‌ది. చేతులు జోడించిన పెద్దాయన్ని కాలర్ పట్టి నేలకేసి కొట్టాడు. ఇద్దరు బూటుకాళ్లతో మీదపడ్డారు.

“ఒట్టేసినావు కదా బాబూ!”

సత్యప్రసాద్‌కు ఒళ్లు మండిపోయింది. తన భాషను ఎరగా వేశారు, దాంతోపాటు తన బిడ్డనూ. డాలు అందుకుని కూర్మారావుకు అడ్డంగా నిలబడ్డాడు. తర్వాతి తన్ను డాలుకు తగిలింది.

“తూ కిస్‌కీ తరఫ్ హై?” నువ్వెవరి వైపని కమాండర్ అరిచాడు.

సత్యప్రసాద్ ఒక చెయ్యి వెనక్కి చాచాడు. “లే మావా. నా ఎనకే నడు,” అన్నాడు, డాలు తనవాళ్ల వైపే ఉంచి.

నడుస్తూ కూర్మారావు పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు. “ఒట్టు తప్పనేదు బాబూ. నన్నెవులూ కొట్టనేదు, కాలు జారి పడ్డాను. నీ కూతురు సల్లగుండాలి.”

సందు చివర టీవీవాళ్లు ఆ నెత్తురేమిటని అడిగారు. నిందితుడు కాలు జారి పడ్డాడని కమాండర్ తొణక్కుండా చెప్పాడు.

దెబ్బలు తిన్నవాడు పరాయి పిల్ల కోసం ఆడిన అబద్ధమే, కొట్టినవాడి నోట కూడా! సత్యప్రసాద్ డాలు దించి టీవీవాళ్ల ముందుకొచ్చాడు. ఒట్టు ఎలాగూ నిలబెట్టుకోలేకపోయాడు. దాన్ని అబద్ధంతో కప్పుకుని ఇంటికెళ్లి పాపనెలా ఎత్తుకోవడం?

“కాలు జారలేదు. మేమే కొట్టాం,” అన్నాడు హిందీలో, సందు మొత్తానికీ వినబడేలా.