పైపుకు కట్టిన తాడు

ఎత్తు భవనాలకు రంగులు వేసేవాళ్లం జంటలుగా పనిచేస్తాం. ఒకడు పలక మీద కూర్చుని గోడ వెంట దిగుతాడు, రెండోవాడు టెర్రస్ మీద నిలబడి తాడు పట్టుకుంటాడు. దిగేవాడి ప్రాణం పట్టేవాడి చేతుల్లో ఉంటుంది. పన్నెండేళ్లు మా బావమరిది దిగాడు, నేను పట్టాను.

మొన్న ఎండాకాలం మనసు బాగాలేక నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నిద్ర లేదు, తిండి లేదు, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినిపించేవి. మాత్రలతో అవి ఆగిపోయాయి. పనికి వెళ్లొచ్చని డాక్టరు చీటీ రాసిచ్చాడు. మేస్త్రీ దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తొందరేముందిరా? కొన్నాళ్లు బకెట్లు అందించు," అన్నాడు.

కాలు విరిగి వచ్చినవాణ్ణి చుట్టూ మూగి కట్టు చూపించమంటారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నేను దగ్గరికి వెళితే నవ్వులు ఆగిపోయేవి. అన్నం గిన్నె తెరిస్తే నా పక్కన ఇద్దరు పట్టేంత ఖాళీ. ఇది అంటురోగమని ఏ మహానుభావుడు చెప్పాడో వీళ్లకి!

అన్నీ దిగమింగాను. బావమరిది తాడు తీసుకెళ్లి టెర్రస్ మీది నీళ్ల పైపుకు కట్టినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

"నీకెందుకు శ్రమ బావా. నేనే వదులుకుంటూ దిగుతాలే," అన్నాడు నా మొహం చూడకుండా.

అతను రెండంతస్తులు దిగాడో లేదో పైపు కిర్రుమంది. తుప్పుపట్టిన బోల్టులు గోడలోంచి లేస్తున్నాయి. బకెట్టు వదిలేసి తాడు చేతులకు చుట్టుకున్నాను, పిట్టగోడకు కాళ్లు తన్నిపెట్టి బరువంతా లాగి పట్టాను. అతను నేల మీద కాలు పెట్టేసరికి నా అరచేతుల తోలు లేచిపోయింది.

కిందికి పరుగెత్తాను. "పైపు ఊడిపోతోందిరా! నేను పట్టుకోకపోతే ఈపాటికి నువ్వు లేవు."

బావమరిది మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నెత్తురోడుతున్న నా చేతులు చూశాడు.

"ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అన్నాడు మెల్లగా.

"పైకొచ్చి మీరే చూడండి!"

"సరే సరే, చూద్దాంలే. ముందు నువ్వు కూర్చో."

నేను గొంతు పెంచినకొద్దీ వాళ్లు వెనక్కి జరిగారు. వాళ్లు అరిస్తే కోపం, నేను అరిస్తే జబ్బు. అన్నం తినగానే బావమరిది మళ్లీ దిగాలి. మళ్లీ ఆ పైపుకే కడతాడు.

అందరూ అన్నాలకు కూర్చోగానే పైకి వెళ్లాను. ఏమంటారో తెలుసు. తెలిసే చేశాను. రెండుసార్లు గట్టిగా ఊపితే పైపు చేతిలోకి వచ్చేసింది. నీళ్లు టెర్రస్ అంతా చిమ్మాయి.

చప్పుడుకి అందరూ పరుగెత్తుకొచ్చారు. "చూశారా, పైపు పీకేశాడు! ఇక వీణ్ణి పనిలో పెట్టుకుంటే నా కొంప మునుగుతుంది," అన్నాడు మేస్త్రీ. ఊడిన బోల్టుల వంక ఎవరూ చూడలేదు.

బావమరిది నన్ను మెట్లదాకా నడిపించాడు. "ఇంటికెళ్లు బావా. అక్కకి నేను ఫోన్ చేస్తా," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు. పన్నెండేళ్లలో ఏడంతస్తుల ఎత్తుకు భయపడనివాడు నన్ను చూసి భయపడ్డాడు.

వీధిలోకి వచ్చి తలెత్తి చూశాను. బావమరిది పలక మీద కూర్చుంటున్నాడు. కట్టడానికి పైపు లేదు, మిగతావాళ్లకు ఎవరి జంట వాళ్లకుంది. అందుకని మేస్త్రీయే తాడు పట్టుకుని నిలబడ్డాడు. బావమరిది క్షేమంగా దిగేదాకా చూసి, ఒక్కణ్ణే ఇంటిదారి పట్టాను.