ఎనిమిదో ఇన్నింగ్స్‌లో స్తోత్రం

శుక్రవారం డ్యూటీ పడిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. మస్కట్‌లో మా తెలుగువాళ్ళ ఆరాధన ఆ ఉదయమే. అక్కడ అందరూ లేచి, వారమంతా దేవుడు చేసిన మేళ్ళు సాక్ష్యం చెబుతుంటే, ఇక్కడ నేను అల్ ఖువైర్‌లోని మా ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో హోవార్డ్ గారి దుప్పటి సర్దుతున్నాను.

హోవార్డ్ అమెరికా ఇంజనీరు, అరవై దాటాయి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయి ఎనిమిది రోజులు. అయినా కాలు కింద పెట్టడు. మళ్ళీ పడతానని లోపల భయం, పైకి మాత్రం రేపు చూద్దామంటాడు. ఇలాగే పడుకుంటే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుందనీ, అప్పుడు మనిషి దక్కడం కష్టమనీ డాక్టరు నాతో అన్నాడు. బతిమాలాను, కసిరాను. వాకర్ టవల్ ఆరేసుకోడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

ఆ ఉదయం ఆయన ల్యాప్‌టాప్‌లో బేస్‌బాల్ పెట్టమన్నాడు. ప్లగ్ కిటికీ దగ్గర ఉంది కాబట్టి అక్కడి బల్ల మీదే పెట్టాను. ఫైనలా అని అడిగాను. కాదట, ఏడాదిలో ఆడే బోలెడు లీగ్ మ్యాచుల్లో ఒకటట. కాకపోతే ఎదుటి టీమ్‌తో వీళ్ళకు తాతల నాటి పోటీ. మా అటెండర్ నిజాముద్దీన్‌ది కడప, నాకంటే పదేళ్ళు పెద్ద, క్రికెట్ పిచ్చోడు. చూసి చూసి ఆయనే ఆట పట్టేశాడు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్. హోవార్డ్ టీమ్ కుర్రాడు బంతి విసురుతుంటే, అవతలివాళ్ళు ఒక్కరూ ఒక్క దెబ్బ సరిగ్గా కొట్టలేకపోతున్నారు.

మొదట్లో గలగలా మాట్లాడిన హోవార్డ్ ఆరో ఇన్నింగ్స్ నుంచి నోరు మూసేశాడు. ఎనిమిదోది వచ్చేసరికి దుప్పటి అంచు పిడికిట్లో నలుపుతున్నాడు. మళ్ళీ దిగులులో పడ్డాడనుకున్నాను. మా ఇంటి పద్ధతి ఏమిటంటే, మేలు కనబడితే నోరారా చెప్పాలి, దాచుకోకూడదు. పైగా ఆరాధనకు వెళ్ళలేదన్న వెలితి ఒకటి. ఆయనకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను.

"ఇంతసేపూ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు సార్. దేవునికి స్తోత్రం."

తర్వాతి బంతికే ఠపీమని దెబ్బ పడింది.

హోవార్డ్ ముఖం కందిపోయింది. ఆట మొత్తం ఒక్క హిట్టూ ఇవ్వకపోవడం ఎప్పుడో గానీ జరగదట, హిట్ పడలేదన్న మాట ఆట ముగిసేదాకా ఎవరూ పైకి అనరట, అంటే చెడుతుందట, వాళ్ళ దేశంలో పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసట. అరుస్తూనే దుప్పటి తోసేశాడు. కాళ్ళు కిందికి దించాడు. వాకర్ మీది టవల్ విసిరికొట్టి, వాకర్ పట్టుకుని లేచి, ఆ ల్యాప్‌టాప్ మూసేస్తానంటూ కిటికీ వైపు నడిచాడు.

నేను ఆయన నడుము వెనక చేతులు పెట్టుకుని, తాకకుండా నడిచాను. నిజాముద్దీన్ ఆనందం పట్టలేక నోరు తెరవబోయాడు.

"ఊరుకో నిజామన్నా," అన్నాను మెల్లగా తెలుగులో. "ఏమీ అనకు. అయ్యేదాకా అనకూడదంట."

నాలుగడుగులు. ఐదు. స్తోత్రం నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపాను. జీవితంలో ఎప్పుడూ అంత కష్టపడి నోరు మూసుకోలేదు. ఏడో అడుగుకు ఆయన బల్ల చేరి, మూత మీద చెయ్యి వేసి, ఆగాడు. అప్పుడు తన పాదాలు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి మంచం చూశాడు.

కుర్చీ జరిపాను. నెమ్మదిగా కూర్చుని మిగతా ఆట అక్కడే చూశాడు. ఆ ఒక్క హిట్ తప్ప అవతలివాళ్ళకు ఇంకేమీ దొరకలేదు. ఆయన టీమే గెలిచింది.

కాసేపటికి లేచి, నిజాముద్దీన్ ఒక పక్క, నేను ఒక పక్క ఉండగా, మళ్ళీ ఏడడుగులూ నడిచి మంచం మీద కూర్చున్నాడు. కాళ్ళు పైకి పెట్టి దుప్పటి కప్పాను. అంతా అయ్యాక నా వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పు సిస్టర్," అన్నాడు.

చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆమెన్ అన్నది ఆయనే.