లేవకుండానే కృతజ్ఞత

మా ఆయన రామచంద్రం బోరు లారీ మీద పనిచేసేవాడు. పోయిన ఎండాకాలం దేవరకొండ దగ్గర ఒక రైతు చేనులో బోరు వేస్తుండగా ఇనుప రాడ్డు జారి ఆయన నడుము మీద పడింది. హైదరాబాదు దవాఖానలో మూడు నెలలు ఉంచుకుని, ఇక నడవడని చెప్పి పంపేశారు. నిలబడితే దర్వాజ తలకు తగిలేంత పొడుగు మనిషి. ఇప్పుడు నేనే అటు తిప్పి, ఇటు తిప్పి కడుగుతున్నాను. మొదట్లో ఏడ్చి ఏడ్చి ప్రార్థన చేశాను. తర్వాత దేవుడితో మాటలు మానేశాను. వినిపించుకోని వాడి దగ్గర నా నోరెందుకు నొప్పి చేసుకోవాలి?

అలాంటిది, ఒక పొద్దున మంచంలోనే మొహం కడుక్కుంటూ ఆయన అన్నాడు: "లీలా, కృతజ్ఞత కూడిక పెడ్దాం."

మా క్రైస్తవుల్లో జబ్బు నయమైతేనో, బిడ్డ పుడితేనో, ఇల్లు కట్టుకుంటేనో ఆ కూడిక పెడతారు. చుట్టాలను పిలిచి, ప్రార్థన చేయించి, మాంసం కూరతో అన్నం పెడతారు. నాకు ఒళ్లు మండింది.

"ఏం మేలైందని పెడ్తం? నడుము కింద సూది గుచ్చినా తెలుస్తలేదు నీకు."

"పానం ఉంచిండు గద."

"సగం పానం!"

"ఆ సగానికే పెడ్దాం." ఆయన నవ్వాడు. "లేపు లేపు అని దేవున్ని ఏడాది సంది అడిగిన. ఇగ అడుగుడు బంద్ జేసిన. మనసు నిమ్మలంగుంది లీలా. గదే నలుగురి ముందట జెప్పాలె."

నాకు మాత్రం నిమ్మళం లేదు. అయినా ఏడాదిలో ఆయన కోరిన ఒక్క కోరిక, కాదనలేక అందరికీ ఫోన్లు చేశాను. అక్కడే బుద్ధి గడ్డి తింది. కృతజ్ఞత కూడిక, రండి అన్నానే గానీ, ఎందుకో ఎవరికీ విడమరచి చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం వాకిట్లో వేసిన టెంటు నిండిపోయింది. వచ్చినవాళ్ల మొహాలన్నీ కళకళలాడుతున్నాయి. మా తమ్ముడు నాగేందర్ కొత్త చెప్పుల జత పట్టుకొచ్చాడు.

"బావేడక్కా? మంచిగ నడుస్తున్నడా?"

అప్పుడర్థమైంది నాకు. అందరూ ఆయన లేచాడనుకునే వచ్చారు. టెంటు కింద గోడ వారన వేసిన మంచం మీద ఆయన్ను చూసి ఒక్కొక్కరే తల దించుకున్నారు. తమ్ముడు చెప్పుల సంచి వెనక్కి దాచుకుని గోడవైపు తిరిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తమ్ముడి వెంట పట్నం నుంచి ఒక పెద్ద బోధకుడు వచ్చాడు. ఆ బోధకుడు మాత్రం జంకలేదు. మైకు పట్టుకుని మంచం దగ్గరకు వచ్చాడు.

"రామచంద్రం, విశ్వాసముంటే ఇప్పుడే లే! లేవలేదంటే ఈ ఇంట్లో దాచిన పాపమేదో ఉంది. ఒప్పుకో!"

మైకు పక్కన పెట్టి, మా ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. నేను ఆ చేతుల్ని పట్టుకుని విదిలించి కొట్టాను.

"చెయ్యి తియ్యి సారూ! కింద పడేస్తే మళ్ల ఎత్తేది నువ్వా? పాపమంటున్నవ్. రాడ్డుకు కట్టిన తాడు పాతది, గదీ పాపం. పోయి ఆ లారీ ఓనర్‌తోని ఒప్పిచ్చుకో!"

మా ఆయన మోచేతుల మీద కాస్త పైకి జరిగాడు.

"అయ్యగారూ, దేవుడు లెమ్మంటే నీ చెయ్యి లేకుండనే లేస్త. ఉండుమన్నడు, ఉన్న. పండుకొనే స్తోత్రం జెప్త. ఆయనకు ఇనవడ్తది."

తర్వాత నావైపు చూశాడు. "లీలా, ప్రార్థన నువ్వు జెయ్యి."

కొంగు తల మీద కప్పుకున్నాను. కళ్లు మాత్రం మూయలేదు.

"ప్రభువా, నీ చిత్తమే కానియ్యి. నేను అడ్డం పడ. గని నాకిది నచ్చలే. నచ్చిందని నీ ముంగట అబద్ధమాడ. కోపమొస్తే నిన్నే తిడ్త, ఇంకెవలికి జెప్పుకోవాలె? ఈ మనిషిని నేను ఇడిసిపెట్ట. నువ్వు గూడ ఇడిసిపెట్టకు."

ఇలాంటి ప్రార్థనకు ఆమెన్ అనొచ్చో లేదో తెలియక ఎవరూ నోరు మెదపలేదు. మంచం మీద నుంచి మా ఆయన ఒక్కడే, టెంటు అవతలికి వినబడేలా, "ఆమెన్" అన్నాడు.