వెనక తలుపు

పొద్దున్నే బండి అద్దాలు తుడవడం నా పని. ఇరవై ఇద్దరు పసిపిల్లల్ని నర్సరీ బడికి చేర్చే వ్యాను మాది. మా ఆయన నడుపుతారు. నేను అద్దాలు తుడుస్తాను, సీట్ల కింద ఎవరి వాటర్ బాటిల్ దొర్లుతోందో చూస్తాను, నిన్నటి వాంతి మరక కడుగుతాను. ఆ తర్వాత పిల్లల్ని ఎక్కించేదీ నేనే, దించేదీ నేనే. మిగతా బళ్లలో ఈ పని చేసేవాళ్లని ఆయా అంటారు. నన్ను మాత్రం డ్రైవరు గారి భార్య అంటారు. పెళ్లైన కొత్తలో ఒకసారి, "ఎవరినైనా ఆయాగా పెట్టుకుందామండీ, నేను కుట్టుపని చేసుకుంటాను" అన్నాను. "మన బండికి మనం చేసుకునేదాన్ని పనంటారా?" అన్నారాయన. నిజమే కాబోలు అనుకున్నాను. ఆరేళ్లపాటు అలాగే అనుకున్నాను.

మా ఆయనకి ఇద్దరు కూతుళ్లని చుట్టాలు వేళాకోళం చేస్తారు. పెద్దది బండి, చిన్నది మా పాప. పెద్దదాని గొంతు కాస్త మారినా ఆయన చెవికి తెలిసిపోతుంది, వెంటనే బానెట్ ఎత్తి చూస్తారు. చిన్నదానికి నెల రోజులుగా దగ్గు తగ్గడం లేదని నేను మూడోసారి చెప్పాక, "అలాగా?" అన్నారు.

నా పని నాకు బాగా వచ్చు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఏ మలుపు దగ్గర ఎవరికి కడుపులో తిప్పుతుందో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే కొరుక్కుంటారో, తల్లి చెయ్యి ఊపి వెళ్లిపోయాక ఏ బుజ్జిగాడు ఎంతసేపు ఏడుస్తాడో నాకు తెలుసు. ఎక్కే దిగే తలుపు మా బండికి వెనక ఉంటుంది. దాని గడియ లోపలి వైపు, నేను కూర్చునే చోట ఉంటుంది. ఆరేళ్లలో ఒక్క పిల్ల వేలు కూడా ఆ తలుపులో నలగలేదు.

మా పాపకి మూడేళ్లు నిండాయి. వచ్చిన మాటలు మూడే, అమ్మ, వద్దు, బండి. మిగతావన్నీ వేలితో చూపిస్తుంది. ఆ లోటు ఎవరిదో తేల్చడానికి ఇంట్లో ఎవరికీ అట్టే సమయం పట్టలేదు. "తల్లికి నోరెక్కువ, పిల్లకి నోరే లేదు" అన్నారు అత్తయ్య. "మా అన్నయ్య కూడా ఆలస్యంగానే మాట్లాడాడు, నువ్వు ఊరికే కంగారుపడకు" అన్నారు మా ఆయన. ఆ కంగారుతోనే, ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా పాపని తీసుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ పాప ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, చెవులు చూశారు, బొమ్మలు చూపించి ఆడించారు. "పాప రోజంతా ఎక్కడ ఉంటుంది?" అని అడిగారు.

"ఇన్నాళ్లూ బండిలో, నా ఒళ్లోనేనండీ. ఈ మధ్యనే, మా బండి వెళ్లే బడిలోనే వేశాం. కడుపులో ఉన్నప్పుడు కూడా ఎనిమిదో నెల దాకా బండిలోనే ఉన్నాను."

ఆవిడ రాయడం ఆపారు. "మాటలు ఆలస్యం కావడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా. ఫలానాదే అని నేను చెప్పను. ముందు వినికిడి పరీక్ష చేయిద్దాం, మాటలు నేర్పేవాళ్ల దగ్గరికీ పంపిస్తాను. కానీ ఒకటి. చిన్నపిల్లలు మనకన్నా గబగబా గాలి పీలుస్తారు. వాళ్ల ఊపిరితిత్తులూ మెదడూ ఇంకా తయారవుతూనే ఉంటాయి. బళ్ల పొగకి ఎంత దూరంగా ఉంచగలిగితే అంత మంచిది."

"అయితే తప్పు నాదేనా డాక్టరుగారూ?"

"ఎవరన్నారు ఆ మాట?" అన్నారావిడ. అన్నవాళ్ల జాబితా పెద్దదే.

ఆ మర్నాడు బడి గేటు దగ్గర జరిగిందీ సంగతి. ఉదయం ఎనిమిదిన్నరకి అక్కడ ఎనిమిది బళ్లు వరసగా ఆగుతాయి. ఏ డ్రైవరూ ఇంజన్ ఆపడు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే రెండింతలు డీజిల్ తాగుతుందని అందరి నమ్మకం. ఎవరూ కొలిచి చూసింది లేదు. దిగిన పిల్లలు, అందరూ దిగేదాకా, వరస తప్పకుండా బండి వెనకాల ఒక తాడు పట్టుకుని నిలబడాలి. ఒకడి బూటు లేసు ఊడితే కట్టడానికి గొంతుక్కూర్చున్నాను. లేసు ముడి వెయ్యకముందే నాకు ఊపిరాడలేదు, కళ్లు మండాయి. లేచి నిలబడ్డాను, హాయిగా ఉంది. మళ్లీ కూర్చున్నాను, అదే మంట. సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చే పొగ నా నడుము దాకా వచ్చి చెదిరిపోతోంది. ఆ నడుము ఎత్తులోనే ఇరవై రెండు మొహాలున్నాయి. మా పాప మొహం అందరికన్నా ముందుంది, ఎందుకంటే మన పిల్లే కదా అని దాన్ని నేనే ఎప్పుడూ ముందు దించుతాను. ఏడుపొచ్చింది. దానికన్నా ఎక్కువగా కోపమొచ్చింది.

వెనక నీలం బండి ఆయాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "అక్కా, ఒక్కసారి ఇలా కూర్చో" అన్నాను. నాకు పిచ్చి పట్టిందా అన్నట్టు చూసి, నవ్వుతూ కూర్చుంది. లేచేటప్పుడు నవ్వు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. "పొగ రాకుండా బళ్లు నడుస్తాయా? నువ్వేమైనా డాక్టరువా, మెకానిక్కువా?" అన్నారాయన. "అన్నం పెట్టే బండిని ఆడిపోసుకోకు. పిల్లకి మాటలు రావాలంటే తల్లి నోరు విప్పి మాట్లాడాలి" అన్నారు అత్తయ్య. నిన్నటిదాకా ఎక్కువైన నా నోరు ఇవాళ చాలకుండా పోయింది. నవ్వొచ్చింది. గిన్నెలు తోముతూ ఆలోచించాను. స్టీరింగ్ ఆయనది, హారన్ ఆయనది, బండి కాగితాల మీద పేరు కూడా ఆయనదే. మరి ఆ బండిలో నాదంటూ ఏముంది?

మర్నాడు గేటు దగ్గర బండి ఆగింది. ఇంజన్ ఆగలేదు. నేను గడియ మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"తలుపు తియ్!" అన్నారు మా ఆయన ముందు నుంచి.

"ఇంజన్ ఆపండి, తీస్తాను."

"ఏంటీ?"

"ఇంజన్ ఆగితేనే పిల్లలు దిగుతారు."

బెల్లు మోగింది. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. పిల్లలకి ఇదేదో కొత్త ఆటలా ఉంది, ఒకడు "ఇంజన్ ఆపండీ" అని నా గొంతుతో అరిచాడు, మిగతావాళ్లు అందుకున్నారు. గేటు దగ్గరున్న తల్లులందరూ ఇటే చూస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గబగబా నడిచి వచ్చి అద్దం మీద తట్టారు.

"ఏమైందమ్మా, తలుపు ఇరుక్కుందా?"

గడియ మీద చెయ్యి అలాగే ఉంచాను. "లేదు మేడం, తలుపు బాగానే ఉంది. ఇంజన్ ఆగగానే తెరుచుకుంటుంది."

ఆవిడ డ్రైవరు సీటు వైపు చూశారు. మా ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. ఆరేళ్లలో ఆ అద్దంలోంచి ఆయన ఎన్నోసార్లు వెనక్కి చూసి ఉంటారు, కానీ నన్ను చూడటం అదే మొదలు. ఇంజన్ ఆగింది. గడియ తీశాను. పిల్లలు ఒక్కొక్కరే దిగి తాడు పట్టుకున్నారు. ఆ గేటు దగ్గర వాళ్లు దగ్గకుండా నిలబడటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే వెనక నీలం బండిలోంచి కేక వినపడింది, "తలుపు తియ్యవే!" అని. ఆ తలుపు కూడా తెరుచుకోలేదు.

పిల్లలు లోపలికి వెళ్లాక మా ఆయన తాళం తిప్పారు. బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది. అందుకు ఆయన కాస్త నిరాశపడ్డారనుకుంటాను. సగం దారిలో, "నలుగురిలో నా పరువు తీశావ్" అన్నారు.

"ఇంట్లో చెబితే మీకు వినపడలేదండీ" అన్నాను.

నెల తిరిగేసరికి ఎనిమిది బళ్లూ గేటు దగ్గర ఇంజన్లు ఆపుతున్నాయి. అన్నిటి గడియలూ ఆయాల దగ్గరే ఉన్నాయి కదా. "ఇక్కడ ఇంజన్ ఆపవలెను" అని బడివాళ్లు బోర్డు పెట్టి, అది తమ ఆలోచనే అని చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది, దాచుకోను. ఇప్పుడెవరైనా డ్రైవరు గారి భార్యా అని పిలిస్తే పలకడం మానేశాను. ఈ బండి ఆయానండీ అని నేనే చెబుతున్నాను.

పాప వినికిడి బాగానే ఉందన్నారు. మాటలు నేర్పే చోటికి వారానికి రెండు రోజులు తీసుకెళ్తున్నాను. దగ్గు కొంచెం తగ్గింది. దానికి మాటలు ఎప్పుడొస్తాయో నాకు తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. వచ్చిన రోజున మాత్రం అది ఎంత మెల్లగా పలికినా వినపడేంత నిశ్శబ్దాన్ని, ఆ గేటు దగ్గరికి నేను తెచ్చాను.